నలుగురం కలిసి అల్లికల ప్రదర్శనకి వెళ్ళాం, ఇప్పుడు ఒక్క దారం ఉండ తక్కువైంది. అడగమంటారా, వద్దా?

సాగరిక_ఎంవీపీ
విషయం చిన్నదే. నవ్వుకుంటారని తెలుసు. అయినా పది రోజులుగా బుర్ర తొలిచేస్తోంది కాబట్టి రాస్తున్నాను.

డిసెంబరులో వైజాగ్ బీచ్ రోడ్డు వైపు ఒక కల్యాణ మండపంలో మూడు రోజులు అల్లికల ప్రదర్శన పెట్టారు. ఊలు, కాటన్ దారాలు, సూదులు, లేసులు, అన్నీ ఒకేచోట. ఆదివారం మేం నలుగురం వెళ్ళాం. నలుగురిదీ ఒకే ఆఫీసు. నాకు ఒక్కటే పని. మా చెల్లెలికి ఈ నెలాఖరుకి డెలివరీ, పుట్టబోయే బిడ్డకి కాటన్ దుప్పటి అల్లాలి. చీటీ రాసుకుని మరీ వెళ్ళాను. "100 గ్రాముల ఉండలు 6. ఇంకేమీ కొనకూడదు." రెండో వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాను. ఇంటికొచ్చేసరికి రూ. 4,260 వదిలింది. అది వేరే కథ.

మూడో స్టాల్లో అచ్చం నెమలికంఠం రంగు దొరికింది. ఆ లాట్‌లో, అంటే ఒకేసారి రంగు వేసినవాటిలో, వాళ్ళ దగ్గర ఉన్నవి ఎనిమిదే ఉండలు. నేను ఆరు తీసి పక్కన పెట్టుకుంటున్నానో లేదో, నా స్నేహితురాలు ('ర' అనుకోండి) "అబ్బ, ఏం రంగే!" అంది. అంతే, నాకు మొహమాటం పట్టుకుంది. "నువ్వు తీసుకో." "అబ్బే, నువ్వే తీసుకో." "లేదు లేదు, నాకు నాలుగు చాలు." ఇలా ఐదు నిమిషాలు. స్టాలాయన మమ్మల్ని చూసి చూసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. చివరికి నేను ఐదు, తను మూడు. ఆ మూడింటితో ఏం అల్లాలో తనకే తెలీదు.

ఇప్పుడు దుప్పటి 74 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. 90 రావాలి. దారం అయిపోయింది. బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే అదే షేడ్, వేరే లాట్‌ది ఒకటి కొరియర్‌లో పంపారు. ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి నెమలి, రెండోది జ్వరం వచ్చిన నెమలి.

'ర' దగ్గర ఆ మూడు ఉండలూ అలాగే ఉన్నాయి. సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బీరువాలో కనిపించాయి. ఆఫీసులో నా పక్క సీటే. ఆ రోజు ఆటోకీ, నలుగురి భోజనానికీ డబ్బులు తనే ఇచ్చింది, ఎంత చెప్పినా తీసుకోలేదు. అలాంటి మనిషిని "నీ ఉండ ఒకటి ఇస్తావా" అని ఎలా అడగను?

గాజువాక_గీత
అడిగేయండి. దారమే కదా, కిడ్నీ కాదు.

కొక్కెం_రాణి
నేనైతే అడగను. ఒకసారి అడిగి అనుభవించాను. మా ఎదురింటావిడ దగ్గర గోధుమరంగు ఊలు సగం ఉండ తీసుకున్నాను, ఒక చెయ్యి చాలకపోతే. ఎనిమిదేళ్ళైంది. మా అబ్బాయి ఆ స్వెట్టర్ దాటి ఇంజనీరింగ్‌లో చేరాడు. ఇప్పటికీ ఎవరింట్లో పేరంటం జరిగినా "ఆ కుడి చెయ్యి నాదే" అంటుంది.

నిద్రపట్టని_నాగావళి
ముందు ఆ 4,260 లెక్క చెప్పండి. దుప్పటి సంగతి తర్వాత చూద్దాం.

సాగరిక_ఎంవీపీ
నాగావళి గారూ, చెప్పక తప్పదా! కాటన్ ఐదు ఉండలు 220 చొప్పున 1,100. అది న్యాయమైన ఖర్చు. వెదురు సర్క్యులర్ సూది, 4 ఎంఎం, 480. అదీ దుప్పటికే కాబట్టి సరే. అక్కడి నుంచి దారి తప్పాను. రంగులు మారుతూ వచ్చే టర్కీ దారం మూడు ఉండలు 1,350, ఎందుకో తెలీదు. కొయ్య బొత్తాలు రెండు డజన్లు 240. నాకు స్వెట్టరే లేదు, బొత్తాలు దేనికి? వరసలు లెక్కపెట్టే చిన్న మీట 140. నర్సాపురం లేసు టేబుల్ గుడ్డ 600. ఇక గొర్రెపిల్ల ఆకారంలో ఒక టేపు, తోక పట్టుకు లాగితే కొలత బయటికొస్తుంది, 350. కొట్లో మామూలు టేపు పదీ ఇరవైకి వస్తుందని నాకూ తెలుసు. మిగతా ముగ్గురూ "తీసుకో, తీసుకో" అన్నారు. తీసుకున్నాను.

గాజువాక_గీత
గొర్రె టేపు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. న్యాయమైన ఖర్చే.

లెక్కల_మాస్టారు
నేను అల్లను. మా ఆవిడ అల్లుతుంది, నేను పక్కన కూర్చుని లెక్కలు కడతాను.

74 సెంటీమీటర్లకి 500 గ్రాములు పట్టింది. అంటే సెంటీమీటరుకి సుమారు 6.76 గ్రాములు. మిగిలిన 16 సెంటీమీటర్లకి 108 గ్రాములు కావాలి. మీరు ఇంత మొహమాటపడుతున్న ఆ ఒక్క ఉండ కూడా చాలదు. అడిగితే రెండు అడగండి.

సాగరిక_ఎంవీపీ
మాస్టారూ, ఒకటి అడగడానికే చెమటలు పడుతుంటే రెండంటారేంటి!

భీమిలి_బామ్మ
88 దగ్గర ఆపెయ్యమ్మా. బిడ్డ టేపు పట్టుకుని పుట్టదు. పైగా కాటన్ అల్లిక ఉతికాక బరువుకి సాగుతుంది. తీగ మీద వేలాడదీస్తే నీ 88 కాస్తా 95 అవుతుంది. తువ్వాలు పరిచి దాని మీద బల్లపరుపుగా ఆరబెట్టుకో.

లెక్కల_మాస్టారు
బామ్మగారి మాట సరైనదే. 100 గ్రాములకి 14.8 సెంటీమీటర్లు వస్తుంది. మొత్తం 88.8. కానీ చివర కుట్లు మూయడానికి వెడల్పుకి మూడు నాలుగు రెట్లు దారం మిగుల్చుకోవాలని మా ఆవిడ అంటోంది. వెడల్పు ఎంత?

సాగరిక_ఎంవీపీ
75 సెంటీమీటర్లు. 165 కుట్లు.

లెక్కల_మాస్టారు
అయితే మూడు మీటర్లు పక్కన పెట్టండి. 88 దగ్గర ఆపండి. ఒక ఉండతో గట్టెక్కుతారు.

చదివేవాడు_మాత్రమే
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈసారి అడగకుండా ఉండలేకపోతున్నా. ఒకే కంపెనీ, ఒకే రంగు నంబరు అయినప్పుడు తేడా ఎందుకొస్తుంది?

అద్దకం_అన్న
అది మా పని కాబట్టి చెప్తాను. షేడ్ నంబరు అంటే వంటకం పేరు. లాట్ నంబరు అంటే ఆ రోజు పెట్టిన డేగిసా. పులిహోర పులిహోరే, కానీ శనివారం చేసింది, ఆదివారం చేసింది ఒకేలా ఉంటాయా? నీళ్ళలో ఉప్పదనం, వేడి, పత్తి ఏ బేలుది, రంగు నీళ్ళలో ఎంతసేపు ఉంది, అన్నీ కలిసి పిసరంత తేడా తెస్తాయి. విడిగా చూస్తే ఎవరికీ తెలీదు. పక్కపక్కన అల్లితే గీత గీసినట్టు కనపడుతుంది. అందుకే లేబుల్ మీద రెండు నంబర్లూ వేస్తారు. కొనేటప్పుడు రెండోది చూడాలి. ఎప్పుడూ ఒక ఉండ ఎక్కువే తీసుకోవాలి.

ఇంకోటి. కల్యాణ మండపాల్లో పసుపు లైట్లు పెడతారు. వాటి కింద నీలం ఆకుపచ్చగా, ఊదా గోధుమరంగులా కనిపిస్తుంది. ఉండ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో చూడండి. ఏ స్టాలాయనా కాదనడు.

కొక్కెం_రాణి
చీరల కొట్లో మా అమ్మ చేసేది ఇదే. చీర భుజాన వేసుకుని రోడ్డు మీదకొచ్చి నిలబడేది. కొట్టు కుర్రాడు వెనకాలే పరిగెత్తేవాడు, పారిపోతుందేమోనని.

సీధా_ఉల్టా
సాగరిక గారూ, అడగడం ఇష్టం లేకపోతే దారి ఉంది. ఆ జ్వరం నెమలినే వాడొచ్చు. ఇప్పుడున్నచోట దాన్ని నేరుగా కలపకండి, గీత పడుతుంది. ఒక పది సెంటీమీటర్లు విప్పేయండి. అక్కడి నుంచి రెండు వరసలు పాతది, రెండు వరసలు కొత్తది, అలా అల్లుకుంటూ పోతే కంటికి మెల్లగా కలిసిపోతుంది. అదీ వద్దనుకుంటే రెండు చివర్లా మీగడ రంగు అంచు వేయండి. ఒక్క చివరే వేస్తే దారం అయిపోయిందని లోకానికి తెలిసిపోతుంది. రెండు వైపులా వేస్తే డిజైన్ అంటారు.

సాగరిక_ఎంవీపీ
విప్పమంటే ప్రాణం పోయినట్టుంది. పది సెంటీమీటర్లంటే నా నాలుగు రాత్రులు.

ఊలుబంతి
ప్రదర్శనలో నేనూ ఉన్నా, శనివారం. మా ముగ్గురి బృందానికి జరిగింది వినండి. ఒకచోట "ప్యూర్ మెరినో, మేడమ్" అని 250కి 100 గ్రాములు ఇచ్చారు. ఇంటికొచ్చి నాకు అనుమానం వచ్చింది. చిన్న పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద అగ్గిపుల్ల గీశాను. అసలైన ఊలైతే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. ఇది చుక్కలా కరిగి నల్లటి పూస అయి కూర్చుంది. గోరుతో గీకినా ఊడలేదు. చక్కటి ఆక్రిలిక్. 120కి వచ్చేదాన్ని 250కి కొన్నాను. నా స్నేహితురాళ్ళు ఇద్దరూ ఆరేసి ఉండలు కొన్నారు. వాళ్ళకి ఇంకా చెప్పలేదు.

గాజువాక_గీత
చెప్పకండి. సుఖంగా ఉన్నారు.

ఉక్కపోత_ఉమేష్
ఒక ప్రాథమిక సందేహం. వైజాగ్‌లో ఊలు స్వెట్టర్ ఎవరికి? జనవరిలో కూడా మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. సముద్రపు గాలికి ఉన్న చొక్కాయే ఒంటికి అంటుకుపోతుంటే.

భీమిలి_బామ్మ
ఉమేషూ, మనవలు ఇక్కడ ఉంటే కదా నాయనా. మా పెద్దాడి పిల్లలు చికాగోలో. ఏడాదికి రెండు స్వెట్టర్లు పంపుతాను. ఫోటో కోసం ఒకసారి వేస్తారు, మళ్ళీ కనపడవు. అయినా అల్లుతూనే ఉంటాను. చెయ్యి ఖాళీగా ఉంటే మోకాలు గుర్తొస్తుంది.

నిద్రపట్టని_నాగావళి
లంబసింగి ఒకసారి వెళ్ళి తెల్లారుజామున నిలబడి చెప్పండి ఊలు ఎవరికో. మనకి రెండు మూడు గంటల దారి. అక్కడ ఒక్కోసారి సున్నాకి దగ్గరగా పోతుంది.

ఉక్కునగరం_అత్తయ్య
ఉమేష్ గారి ప్రశ్నకి నా దగ్గర పెద్ద జవాబుంది, ఓపికుంటే చదవండి.

1986లో మేం టౌన్‌షిప్‌కి వచ్చినప్పుడు స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్నారు. ఉక్కునగరంలో సగం మంది భిలాయి నుంచి, రూర్కెలా నుంచి, బొకారో నుంచి వచ్చినవాళ్ళు. మా పక్క క్వార్టర్సులో భిలాయి నుంచి వచ్చిన ఒక భాభీ ఉండేది. సాయంత్రం నాలుగైతే మెట్ల మీద కూర్చుని సూదులు ఆడించేది. చూపు మాత్రం రోడ్డు మీద ఉండేది, చేతుల వంక చూసేదే కాదు. నాకు హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. "సీధా, ఉల్టా, సీధా, ఉల్టా" (సూటి కుట్టు, తిరగ కుట్టు) అంటూ నా వేళ్ళు పట్టుకుని నేర్పింది. నేను నేర్చుకున్న మొదటి హిందీ మాటలు అవే. తర్వాత కూరగాయల బండి దగ్గర వాడదామంటే పనికి రాలేదు.

అప్పట్లో మంచి ఊలు ఇక్కడ దొరికేది కాదు. ఎవరైనా సెలవులకి ఊరెళ్తుంటే పది మందిమి డబ్బులిచ్చి లుధియానా ఊలు తెప్పించుకునేవాళ్ళం. పెట్టె వచ్చిన రోజు మెట్ల మీద సంతే. రంగుల కోసం కొట్లాటలు కూడా అయ్యేవి. పిల్లలు ఎదిగిపోతే స్వెట్టర్ పారేసేవాళ్ళం కాదు. విప్పి, కుర్చీ వీపుకి చుట్టి చిలపలా కట్టి, తడిపి, కింద చిన్న బరువు వేలాడదీసి ఆరబెడితే వంకరలు పోయి దారం మళ్ళీ తిన్నగా అయ్యేది. మా పెద్దాడి స్వెట్టర్ చిన్నదానికి, చిన్నదాని స్వెట్టర్ మేజోళ్ళకి, మేజోళ్ళు దిండులోకి. అందుకే సాగరికా, నీ సమస్య చూస్తే నాకు నవ్వొస్తోంది. మేం పెట్టె విప్పకముందే ఎవరికెన్నో కాగితం మీద రాసుకునేవాళ్ళం. మొహమాటానికి చోటే లేదు.

సీధా_ఉల్టా
అత్తయ్యగారూ, నా పేరు అక్కడిదే. మా అమ్మకి నేవీ క్వార్టర్సులో ఒక పంజాబీ ఆంటీ నేర్పింది. అమ్మ నాకు నేర్పింది. ఇంగ్లిష్ వీడియోల్లో నిట్, పర్ల్ అంటుంటే ఇప్పటికీ ఒక క్షణం ఆగి తర్జుమా చేసుకుంటాను.

ఊలుబంతి
పాత తరం సూదులంటే గుర్తొచ్చింది. మా అత్తగారి పుస్తకంలో "10 నంబరు సూదులు" అని ఉంది. నేను అదే ప్రదర్శనలో 10 ఎంఎం సూదులు కొన్నాను. వేలంత లావు. పాత బ్రిటిష్ నంబర్లలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందట! 10 అంటే 3.25 ఎంఎం, 8 అంటే 4 ఎంఎం. అమెరికా నంబర్లు దీనికి సరిగ్గా ఎదురు, అంకె పెరిగితే లావు. అవి తెలియక మా ఆయనకి స్వెట్టర్ మొదలుపెట్టాను. అటు నుంచి ఇటు టీవీ కనిపిస్తోంది.

గాజువాక_గీత
ఫిషింగ్ హార్బర్‌లో ఇచ్చేయండి. నాలుగు చేపలైనా పడతాయి.

జాలరిపేట_కుర్రోడు
గీతక్కా, పడవు. అది వల కాదు.

జోక్ కాదు, నిజంగానే చెప్తున్నా. మా నాన్న పెదజాలారిపేటలో వలలు అల్లేవాడు. చిన్నప్పుడు పక్కనే కూర్చుని దారం చుట్టి ఇచ్చేవాణ్ణి. వలలో ప్రతి కన్నుకీ ముడి ఉంటుంది. ఒకచోట తెగితే అక్కడితో ఆగుతుంది, పక్క కళ్ళు చెక్కుచెదరవు. కన్ను సైజు తప్పకుండా ఒక చెక్కముక్క మీద చుట్టి అల్లుతారు. మీ నిట్టింగ్‌లో ముడే లేదు. ఉచ్చులో ఉచ్చు, ఉచ్చులో ఉచ్చు. ఒక కుట్టు జారితే కింద దాకా నిచ్చెనలా జారుతుంది. అందుకే సాగుతుంది, అందుకే వెచ్చగా ఉంటుంది. వల సాగకూడదు, వెచ్చదనంతో దానికి పని లేదు.

లాక్‌డౌన్‌లో బోటు లేక ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి నిట్టింగ్ నేర్చుకున్నా. ప్రదర్శనకి నేనూ మా దోస్తులిద్దరూ వెళ్ళాం. ఏ స్టాల్‌కి వెళ్ళినా ఒకటే మాట: "మేడమ్‌కి ఏ రంగు కావాలి సార్?" ఏ మేడమూ? నాకింకా పెళ్ళే కాలేదు.

కొక్కెం_రాణి
తమ్ముడూ, ఇంతకీ ఏం కొన్నావు?

జాలరిపేట_కుర్రోడు
బూడిదరంగు నాలుగు ఉండలు. టోపీకి. తెల్లారుజామున బోట్‌లో చెవులు జివ్వుమంటాయి. ఉమేష్ గారూ, వైజాగ్‌లో ఊలు ఎవరికంటే మాకు. ఒడ్డున ఉక్కపోతే, పది మైళ్ళు లోపలికి వెళ్తే కాదు.

ఉక్కపోత_ఉమేష్
ఒప్పుకున్నా. ఫ్యాను కట్టేశా.

నర్సాపురం_కోడలు
టేబుల్ గుడ్డ గురించి ఒక మాట. సాగరిక గారు దాన్ని దండగ ఖర్చుల్లో కలిపారు, నాకు కొంచెం గుచ్చుకుంది. మా అత్తగారి వైపు అంతా లేసు అల్లేవాళ్ళే. 600కి వచ్చిందంటే బేరం ఆడి ఉంటారు.

సాగరిక_ఎంవీపీ
అయ్యో, దండగ అనలేదండీ, చీటీలో లేదన్నాను అంతే. బేరం ఆడిన మాట నిజం. 750 చెప్పారు. నేను కాదు, మాలో ఇంకొకావిడ ఆడింది. ఆవిడ బేరం ఆడకుండా వీధి చివర కొత్తిమీర కూడా కొనదు.

నర్సాపురం_కోడలు
కోపం లేదు. కానీ వినండి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న పని ఇది. గోదావరి ఒడ్డున ఇంటింటికీ పాకింది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక్క కొక్కెం, ఒక్క దారం, మనిషి చెయ్యి, అంతే. నిట్టింగ్‌కి 1589లోనే ఇంగ్లండ్‌లో యంత్రం వచ్చింది. ఈ కొక్కెం పనిని, అదే చేతి క్రోషియాని, అచ్చంగా అల్లే యంత్రం మార్కెట్లో ఇప్పటికీ లేదు. మీరు ఏ క్రోషియా ముక్క చూసినా అది ఎవరో ఒకావిడ మెడ వంచి చేసిందే. మా అత్తగారికి ముక్క లెక్కన కూలి ఇచ్చేవారు. ఆ అంకె చెప్తే మీకు బేరం ఆడబుద్ధి కాదు. యంత్రం మీద తీసిన దారం ఉండల దగ్గర ఎంతైనా ఆడుకోండి.

కొక్కెం_రాణి
చప్పట్లు. రెండు సూదులవాళ్ళు మమ్మల్ని ఎప్పుడూ చిన్నచూపే చూస్తారు. ప్రదర్శనలో కూడా లేసు స్టాళ్ళు రెండూ బాత్‌రూమ్ దారిలో పెట్టారు.

సీధా_ఉల్టా
రాణిగారూ, చిన్నచూపు కాదు, అసూయ. మీకు ఒక్క కుట్టే చేతిలో ఉంటుంది, జారితే ఒక్కటే జారుతుంది. మాకు 165.

పొందూరు_మనవడు
మా వైపు ప్రస్తావన లేకుండా దారం గురించి ఇంత మాట్లాడటం అన్యాయం. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. దాని పళ్ళు సన్నగా, దగ్గరగా ఉంటాయి, దువ్వెనలా. ఆ తర్వాత చేత్తో వడికిన సన్నదారం. అది నేతకి, అల్లికకి కాదు, తెలుసు. అయినా ఊలు ప్రదర్శనకి వచ్చినవాళ్ళు ఒకసారి శ్రీకాకుళం వైపు వచ్చి చూడొచ్చు కదా.

జాలరిపేట_కుర్రోడు
చేప దవడతో! ఇది నాకెవరూ చెప్పలేదేం. పళ్ళెంలో తిని పారేస్తున్నామే.

నిద్రపట్టని_నాగావళి
అసలు విషయానికొద్దాం. తప్పు ఉండది కాదు, నలుగురు కలిసి వెళ్ళడానిది. నేను ఒంటరిగా వెళ్తాను. పది గంటలకి తలుపు తీయగానే లోపలికి, పదకొండున్నరకి బయటికి. చేతిలో చీటీ, ఫోన్ సైలెంట్. స్నేహితులుంటే ఒకళ్ళు "ఆ స్టాల్ మళ్ళీ చూద్దాం" అంటారు, ఇంకొకళ్ళు "కాళ్ళు నొప్పి" అంటారు, మూడో ఆవిడ ఆర్కే బీచ్ పక్కనే కదా, మురీ మిక్స్చర్ తిని వద్దాం అంటుంది.

గాజువాక_గీత
మూడో ఆవిడ మాటలో తప్పేముంది?

ఉక్కునగరం_అత్తయ్య
నాగావళీ, ఒంటరిగా వెళ్తే ఆ రంగు నీకు నప్పదని చెప్పేదెవరు? పోయినసారి నేను ఆవపువ్వు పసుపు తీసి పట్టుకుంటే మా జానకి ఏమీ మాట్లాడలేదు. దాన్ని నా చేతిలోంచి లాక్కుని తిరిగి బుట్టలో పడేసింది. ఆ పసుపులో నేను కామెర్ల రోగిలా ఉంటానని నాకూ తెలుసు, కానీ కొనేసేదాన్ని.

ఊలుబంతి
నాకు ఆ జానకి గారు కావాలి. నా ఇద్దరు స్నేహితురాళ్ళూ నేనేం పట్టుకున్నా "సూపర్" అంటారు.

నిద్రపట్టని_నాగావళి
ఒంటరిగా వెళ్తే ఎనిమిది ఉండలూ సాగరిక గారివే అయ్యేవి. అది కాదని చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఒంటరిగా వెళ్తే గొర్రె టేపు ఉండేది కాదు. బొత్తాలు, టర్కీ దారం ఉండేవి కావు. 1,940 మిగిలేవి. అలాగని ఆటో, భోజనం సొంత ఖర్చు.

సాగరిక_ఎంవీపీ
మాస్టారూ, డబ్బు లెక్క సరే. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు గుర్తొస్తే నాకు గుర్తొచ్చేది దారం కాదు. మండపం వెనక మెట్ల మీద నలుగురం సంచులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరేం కొన్నారో ఒక్కొక్కటీ తీసి చూపించుకున్నాం. గంట కూర్చున్నాం. వాచ్‌మన్ వచ్చి, తాళం వేయాలమ్మా అనేదాకా. ఒంటరిగా అయితే ఎవరికి చూపిస్తాను?

కొక్కెం_రాణి
అయితే మరీ అడగకండి. ఉండ కోసం అది పోగొట్టుకుంటారా.

గాజువాక_గీత
రాణిగారూ, ఒక ఉండ అడిగితే పోయేది స్నేహమా! పద్నాలుగు ఇడ్లీలు ఎగ్గొట్టినా పోలేదు మాది.

భీమిలి_బామ్మ
అడగమ్మా. మూడు ఉండలతో ఆ పిల్ల మాత్రం ఏం అల్లుతుంది? ఊరికే మొహమాటానికి తీసుకుంది. నువ్వు మొహమాటానికి ఇచ్చావు. ఇప్పుడు ఇద్దరూ మొహమాటానికి నోరు మూసుకుని కూర్చున్నారు.

ఇంకో మాట. దుప్పట్లో కన్నాలున్న డిజైన్ వేయలేదు కదా? పసివాళ్ళ వేళ్ళు ఇరుక్కుంటాయి.

సాగరిక_ఎంవీపీ
లేదు బామ్మగారూ, సాదా గడులే. సరే, రేపు మధ్యాహ్నం భోజనం దగ్గర అడుగుతాను. బాక్సు మూత తీసేలోపే అడిగేస్తాను, లేకపోతే ధైర్యం చల్లారిపోతుంది.

చదివేవాడు_మాత్రమే
రేపు ఎన్ని గంటలకి? నేను చూస్తూ ఉంటాను.

ఊలుబంతి
మధ్యాహ్నం మూడైంది. ఏమైంది?

గాజువాక_గీత
ఐదైంది. మీటింగ్‌లో ఉన్నాం, కింద ఫోన్ పెట్టుకుని చూస్తున్నా. ఏమైందండీ.

సాగరిక_ఎంవీపీ
ఇప్పుడే ఇల్లు చేరాను.

బాక్సు మూత తీశాక అడిగాను. పప్పులో కారం ఎక్కువైందని మాట్లాడుతూ, ఊపిరి తిప్పుకోకుండా, "నీ దగ్గర ఆ నెమలికంఠం ఉండ ఒకటి ఉంటే ఇస్తావా, దుప్పటి ఆగిపోయింది" అనేశాను. తను చెంచా కింద పెట్టింది. నా గుండె ఆగింది.

"ఒకటి అయిపోయిందే" అంది. ఫ్రిజ్ హ్యాండిల్‌కి కవర్ అల్లిందట, పైదానికి ఒకటి, కింది దానికి ఒకటి. నెమలికంఠం! ఫ్రిజ్‌కి! సరే. మిగిలిన రెండూ రేపు తెస్తానంది. అసలు ఆ రోజే వెనక్కి ఇచ్చేద్దామనుకుందట, "నువ్వు ఆరు తీసుకుని చివరికి ఐదు పట్టుకెళ్ళావు కదా, ఇస్తే జాలిపడి ఇచ్చాననుకుంటావేమో" అని ఆగిందట. రెండు నెలలు!

కొక్కెం_రాణి
నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ కుడి చెయ్యి ఆవిడ మాత్రం ఇలా కాదు.

లెక్కల_మాస్టారు
రెండు ఉండలంటే 200 గ్రాములు. 108 పోను, కుట్లు మూయడానికి కొంచెం తీసేసినా 85 పైన మిగులుతుంది. పసిబిడ్డ టోపీకి మా ఆవిడ 40 చాలంటోంది.

జాలరిపేట_కుర్రోడు
టోపీ అంటే నన్ను అడగండి.

సాగరిక_ఎంవీపీ
ఒక చిక్కుంది. ఉండల డబ్బులు 440 ఇవ్వబోతే తీసుకోలేదు. "డబ్బులొద్దు, ఆ గొర్రె టేపు ఇచ్చెయ్" అంది. ఆ రోజు అదే స్టాల్లో తనూ దాన్ని పట్టుకుందట. ఒక్కటే ఉందని, నాకు మొహమాటపడి వదిలేసిందట.

గాజువాక_గీత
గొర్రెని ఇవ్వకండి.

భీమిలి_బామ్మ
ఇచ్చెయ్యమ్మా.

ఉక్కునగరం_అత్తయ్య
ఈసారి వెళ్ళేముందు కాగితం మీద రాసుకోండి, ఎవరికి ఏదో. ఇంకేం చెప్పను.

నిద్రపట్టని_నాగావళి
ఒంటరిగా వెళ్ళండి అంటే విన్నారా. ఇంతకీ ఇచ్చారా లేదా?

సాగరిక_ఎంవీపీ
ఇవాళ ఉదయం వెళ్ళిపోయింది గొర్రె. ఆవిడ సీట్లో పెన్ను స్టాండ్ పక్కన నన్నే చూస్తోంది.

దుప్పటి మళ్ళీ మొదలుపెట్టాను. 90 వచ్చిందో లేదో మా అబ్బాయి జామెట్రీ బాక్సులో స్కేలుతో కొలుస్తున్నాను. అది 15 సెంటీమీటర్లది. ఆరుసార్లు పెట్టాలి, ప్రతిసారీ వేరే లెక్క వస్తోంది.